స్టేడియం కౌంటర్‌లో బీరు వేగంగా పోయడం ఎలా? నా కప్పులో సగం నురగే వస్తోంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: స్టేడియంలో బీర్ కౌంటర్ మీద కొత్తగా పనిలో చేరారు, ఇప్పటికి మూడు మ్యాచ్‌లు చేశారు. ఆట మధ్యలో విరామం ఇవ్వగానే జనం ఒక్కసారిగా మీద పడుతున్నారు. మీకు ఒక్కో కప్పుకి దాదాపు నిమిషం పడుతోంది, అందులోనూ సగం నురగే. పక్క ట్యాప్ దగ్గరున్న అమ్మాయి మాత్రం మీరు ఒకటి పోసేలోపు నాలుగు పోసేస్తోంది. లోపం మీ చేతిలో ఉందా, ట్యాప్‌లో ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు నెమ్మదిగా పోస్తున్నందువల్ల ఆలస్యం కావడం లేదు, భయపడుతూ పోస్తున్నందువల్ల అవుతోంది. ట్యాప్‌ని పూర్తిగా తెరవండి. కప్పుని వంచి పట్టుకోండి. గేట్లు తెరవకముందే బీరు నిజంగా చల్లగా ఉందో లేదో చూసుకోండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే కప్పుకి పది సెకన్లు చాలు. ఆ తర్వాత కూడా క్యూ కదలకపోతే కారణం ట్యాప్ దగ్గర ఉండదు, డబ్బులు తీసుకునే చోట ఉంటుంది. దాని గురించి కింద రాశాను.

నేను పదేళ్లకు పైగా ఈ పని చేశాను. ముందు కౌంటర్ మీద, తర్వాత భుజాన ట్రే వేసుకుని మెట్లెక్కుతూ, చివరి నాలుగేళ్లు కొత్తవాళ్లకు నేర్పుతూ. కొత్తగా వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది చేసే తప్పు ఒకటే. నురగ వస్తోందని ట్యాప్‌ని సగమే తెరుస్తారు. వంటింట్లో నీళ్ల కొళాయి అలవాటు మనది. సన్నగా తిప్పితే సన్నగా, నిదానంగా వస్తుందనుకుంటాం. బీరు ట్యాప్ అలా పనిచేయదు. సగం తెరిచినప్పుడు బీరు ఇరుకు సందులోంచి చిమ్ముకుంటూ బయటికొస్తుంది. ఆ కుదుపుకి దాంట్లో కరిగి ఉన్న గ్యాస్ విడిపోయి నురగవుతుంది. పూర్తిగా తెరిస్తే అదే బీరు నున్నటి ధారగా దిగుతుంది. నా మొదటి మ్యాచ్‌లో నేనూ ఇదే చేశాను. నురగ చూసి భయపడి ట్యాప్‌ని ఇంకా మూశాను, అది ఇంకా పెరిగింది. వెనకనుంచి మా పెద్దాయన వచ్చి ఏమీ మాట్లాడకుండా నా చేతి మీద చెయ్యేసి హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజాడు. మరుసటి కప్పు శుభ్రంగా నిండింది.

లెక్క వేసి చూడండి. మామూలు ట్యాప్‌లోంచి సరిగ్గా అమర్చిన లైన్‌లో (పీపా నుంచి ట్యాప్ దాకా వచ్చే పైపు) నిమిషానికి సుమారు 3.8 లీటర్లు వస్తుంది. అంటే సెకనుకి 60 మిల్లీలీటర్ల పైచిలుకు. అర లీటర్ కప్పు నిండడానికి ఎనిమిది సెకన్లు. మీకు నిమిషం పడుతోందంటే మిగతా యాభై సెకన్లు నురగ తగ్గేదాకా ఎదురుచూడటానికీ, పైన తీసేసి మళ్లీ పోయడానికీ పోతున్నాయన్నమాట. ఆ పారబోసే నురగ ఉత్త గాలి కూడా కాదు, దాదాపు పావు వంతు బీరే. సాయంత్రానికి బకెట్ నిండితే మీ సూపర్‌వైజర్ ముఖం ఎందుకు మాడిపోతుందో ఇప్పుడు తెలిసిందిగా.

చేతులు ఎలా కదలాలి

ముందు ఒక్క కప్పుతో. కప్పుని కిందిభాగంలో పట్టుకోండి, అంచు దగ్గర వేళ్లు పెట్టకండి. తాగేవాడి మూతి తగిలే చోటు అది. కప్పుని సుమారు 45 డిగ్రీలు వంచి, ట్యాప్ మూతి కప్పు లోపలి గోడకి దగ్గరగా, కానీ తగలకుండా పెట్టండి. ట్యాప్‌ని ఒక్క గుంజుతో పూర్తిగా తెరవండి. బీరు గోడ మీద జారుతూ దిగాలి, అడుగున పడి ఎగరకూడదు. మూడింట రెండు వంతులు నిండాక కప్పుని మెల్లగా నిటారుగా తెచ్చేయండి. చివరి భాగం నడిమధ్యలో పడుతుంది, దాంతో రెండు వేళ్ల మందం నురగ పైన కడుతుంది. ఆ నురగ ఉండాలి. అసలు లేకపోతే బీరు చప్పగా కనబడుతుంది, వాసన కూడా అందదు. మూసేటప్పుడూ అంతే, ఒక్క గుంజు.

ట్యాప్ మూతిని బీరులో ముంచకండి. చాలామంది నురగ తగ్గుతుందని ముంచుతారు. ఒక కప్పులోది ఇంకో కప్పులోకి పోతుంది, మూతికి అంటుకున్న బీరు ఎండి జిగటగా తయారవుతుంది, రెండు రోజుల్లో పుల్లటి కంపు మొదలవుతుంది.

ఇక మీ పక్కనున్న అమ్మాయి చేస్తున్నది. నేను చూడలేదు కానీ పందెం కాస్తాను, కప్పుకీ కప్పుకీ మధ్య ఆమె ట్యాప్ మూయడం లేదు. మూసి తెరిచిన ప్రతిసారీ ట్యాప్ మొదట కొంచెం నురగని ఉమ్ముతుంది. నాలుగు కప్పులకి నాలుగుసార్లు తెరిస్తే నాలుగు ఉమ్ములు. ఒక్కసారి తెరిచి నాలుగు కప్పులూ నింపితే ఒక్కటే. పద్ధతి ఇలా ఉంటుంది: ఎడమ చేతిలో కప్పు నిండుతుంటే కుడి చేతిలో ఖాళీ కప్పు వంచి సిద్ధంగా ఉంటుంది. మొదటిది కప్పు మీది గీత దాకా నిండే క్షణంలో ఖాళీ కప్పు అంచుని ధార కిందికి జరపాలి, నిండినది పక్కకి జారిపోవాలి. నిండిన కప్పుని కౌంటర్ మీద పెట్టి అదే చేత్తో ఇంకో ఖాళీ కప్పు అందుకోవాలి. ఇలా చేతులు మారుతూనే ఉంటాయి. మధ్యలో ఒక చెంచాడు కింద పడొచ్చు, మీరు ఇప్పుడు పారబోస్తున్న దానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అయితే కొన్ని చోట్ల ప్రతి ట్యాప్‌కీ మీటర్ పెడతారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో, ఎన్ని కప్పులు అమ్మారో రాత్రికి సరిచూస్తారు. అలాంటి చోట చేయి కుదిరేదాకా ఇది మొదలుపెట్టకండి. ఇంట్లో కొళాయి తిప్పి నీళ్లతో సాధన చేయండి. నీళ్లకి నురగ రాదు కానీ చేతులకి వరస అలవాటవుతుంది. నాకు ఒక వారం పట్టింది, బాత్రూమ్ అంతా తడిపినందుకు ఇంట్లో తిట్లు కూడా పడ్డాయి.

కప్పుల దొంతరని మర్చిపోకండి. ప్లాస్టిక్ కప్పులు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉంటాయి. రద్దీలో తడి వేళ్లతో ఒక్కటి ఊడదీయబోతే మూడు వస్తాయి, లేదా ఒక్కటీ రాదు. గేట్లు తెరవకముందే దొంతరని రెండు అరచేతుల మధ్య పెట్టి బట్ట పిండినట్టు ఒకసారి అటూ ఇటూ తిప్పండి, వదులైపోతాయి. కప్పుల్ని ఎండ తగిలే చోట, మెషీన్ల వేడి తగిలే చోట పెట్టకండి. వెచ్చటి కప్పులో బీరు పడగానే పొంగుతుంది. దుమ్ము ఉన్నా అంతే. దగ్గర్లో చల్లటి నీళ్లుంటే కప్పుని ఒకసారి తొలిచి పోయండి, తేడా కంటికే కనబడుతుంది. అలాగని కప్పుల్ని ఫ్రీజర్‌లో పెట్టే అతితెలివి వద్దు. లోపల పేరుకున్న మంచు పలుకుల మీద గ్యాస్ విడిపోయి నురగ ఇంకా ఎక్కువవుతుంది.

చేయి సరిగ్గా ఉన్నా నురగ ఆగకపోతే

అప్పుడు మీ తప్పు కాదు. నూటికి తొంభైసార్లు బీరు వెచ్చగా ఉంటుంది. పీపా బీరు 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. చల్లగా ఉన్నంతసేపూ గ్యాస్ బీరులో కరిగి ఉంటుంది, వేడెక్కే కొద్దీ బయటికి రావాలని చూస్తుంది. సోడా సీసా ఎండలో పెట్టి తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇదీ అదే. కోల్డ్‌రూమ్ గోడ మీదున్న మీటర్ గాలి వేడిని చూపిస్తుంది, పీపాలో బీరు వేడిని కాదు. నిజం తెలియాలంటే రెండు కప్పులు పోశాక మూడో కప్పులో థర్మామీటర్ ముంచండి.

ఒకసారి మాకు పీపాలు మ్యాచ్ రోజు మధ్యాహ్నం వచ్చాయి, వాటిని లారీ దింపిన చోటే ఎండలో రెండు గంటలు ఉంచారు. సాయంత్రం చుట్టూ ఐస్ పోసి కూర్చున్నాం. పీపా మీద చెయ్యి పెడితే చల్లగా తగిలేది, లోపలిదంతా గోరువెచ్చన. ఆ రాత్రి ట్యాప్‌లు మూసేసి క్యాన్లతో బండి నడిపించాం. వెచ్చటి 50 లీటర్ల పీపా లోపలిదాకా చల్లబడాలంటే దాదాపు ఒక రోజంతా కోల్డ్‌రూమ్‌లో ఉండాలి, అడ్డదారి లేదు. దొర్లించి తెచ్చిన పీపాని వెంటనే తగిలించకండి, కాసేపు కుదురుకోనివ్వాలి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. పీపా నుంచి బయటికొచ్చే పైపు పారదర్శకంగా ఉంటే దాన్ని చూడండి. పీపా దగ్గరే బుడగలు కనబడితే బీరు వెచ్చగా ఉంది, లేదా పీపాలోంచి బీరుని నెట్టే గ్యాస్ ప్రెజర్ తక్కువగా ఉంది. అక్కడ స్వచ్ఛంగా ఉండి ట్యాప్ దగ్గరే పొంగుతుంటే ట్యాప్ వేడిగా ఉందనో, మురికిగా ఉందనో అర్థం. చాలాసేపు ఎవరూ పోయకపోతే ట్యాప్‌లో నిలిచిన కాస్త బీరు వేడెక్కుతుంది, అందుకే విరామం తర్వాత మొదటి కప్పు ఎప్పుడూ పొంగుతుంది. ఆ మొదటి గుక్కెడు వేరే కప్పులోకి వదిలేసి మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నురగ వస్తోందని గ్యాస్ ప్రెజర్ తగ్గించకండి. ప్రెజర్ ఎక్కువై నురగ వస్తోందనే అందరూ అనుకుంటారు. తగ్గిస్తే మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత బీరులోని గ్యాస్ పైపులోనే విడిపోవడం మొదలై రాత్రంతా నురగే. 3 డిగ్రీల దగ్గర, పొట్టి లైన్‌కి ప్రెజర్‌ని మామూలుగా 12 పీఎస్ఐ (ప్రెజర్ కొలిచే యూనిట్) ప్రాంతంలో పెడతారు. స్టేడియంలో కోల్డ్‌రూమ్ నుంచి కౌంటర్ దాకా పైపు చాలా దూరం వస్తుంది కాబట్టి మీ దగ్గర లెక్క వేరే ఉంటుంది, నైట్రోజన్ కలిపిన గ్యాస్ కూడా వాడుతుండొచ్చు. అమర్చినవాళ్లు పెట్టిన అంకె మీద చెయ్యి వేయకండి. పైపుల్ని రెండు వారాలకోసారి శుభ్రం చేసే రసాయనంతో కడుగుతున్నారా అని మాత్రం అడగండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

అసలు క్యూ ఆగేది ఎక్కడ

ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైమ్ 15 నిమిషాలు, అంటే 900 సెకన్లు. ఒక్కో మనిషికి 45 సెకన్లు పడితే మీ ముందు నుంచి 20 మంది వెళ్తారు. 30 సెకన్లయితే 30 మంది. రెండు కప్పులు పోయడానికి ఇరవై సెకన్లు చాలన్నాం కదా, మరి మిగతాది ఎక్కడ పోతోంది? "ఏం బీర్లున్నాయి?" అని అడగడంలో, జేబులో కార్డు వెతుక్కోవడంలో, మెషీన్ సిగ్నల్ పట్టుకోవడంలో. నేను ఒక సీజన్ రెండు ట్యాప్‌లు, ఒకే కార్డు మెషీన్ ఉన్న కౌంటర్‌లో చేశాను. మేమిద్దరం ఎంత వేగంగా పోసినా నిండిన కప్పులు కౌంటర్ మీద వరసగా నిలబడి, డబ్బు కట్టేవాళ్ల కోసం చూస్తూ ఉండేవి. రెండో మెషీన్ ఇవ్వమని నాలుగు మ్యాచ్‌లు అడిగాం. ఇచ్చిన రోజు నుంచి ఎవరూ మమ్మల్ని నెమ్మది అనలేదు.

మీ చేతిలో ఉన్నది ఇంత: మనిషి రాగానే ముందు "ఎన్ని?" అని అడగండి, "ఏం కావాలి?" అని కాదు. మొత్తం ఎంతో ట్యాప్ తెరవకముందే చెప్పేయండి. మీరు పోస్తున్న పది సెకన్లలో అతను కార్డు తీస్తాడు. అతను డబ్బు కడుతున్నప్పుడు మీ చూపు వెనక మనిషి మీద ఉండాలి, కళ్లతోనే వేళ్లెన్నో అడిగేయొచ్చు. వయసు చూసే కార్డు కూడా క్యూలో ఉండగానే బయటికి తీయించండి. కొన్ని స్టేడియాల్లో గేటు దగ్గరే చూసి చేతికి పట్టీ కడతారు. అది ఉంటే మీకు సగం టెన్షన్ తగ్గినట్టే.

ముందే పోసిపెట్టుకోవచ్చా అంటే, మీ దగ్గర నియమం ఒప్పుకుంటే కొంతవరకు. విరామానికి రెండు మూడు నిమిషాల ముందు కప్పుల్ని ముప్పావు వంతు నింపి పెడతాను, ఇచ్చేటప్పుడు పైన కొంచెం పోసి నురగ కట్టిస్తాను. చూడ్డానికి అప్పుడే పోసినట్టుంటుంది, నిజానికి చల్లదనం కూడా పెద్దగా పోదు. మొదటి తాకిడిలో ఖర్చయ్యేన్ని మాత్రమే. యాభై పోసి పెట్టుకుని ఇరవై అమ్ముకున్నవాణ్ణి చూశాను. మిగతా ముప్పైని చప్పబడ్డాక ఎవరికీ ఇవ్వలేక పారబోశాడు.

పీపా మార్చడం కూడా విరామానికి ముందే చూసుకోవాలి. 50 లీటర్ల పీపాలో అర లీటర్ కప్పులు కాగితం మీద వంద, చేతిలో తొంభై చిల్లర. ఎన్ని పోశారో ఒక అట్ట మీద గీతలు పెట్టుకోండి, లేదా పీపాని కొంచెం వంచి బరువు చూడండి. విరామం మధ్యలో ట్యాప్ గుర్రుమని దగ్గి గాలి వదిలిందంటే మీ పని అయిపోయినట్టే, క్యూలో వాళ్లంతా ఒకేసారి నిట్టూరుస్తారు.

రేపు ట్రేతో తిరగమంటే

మీరు అడగలేదు కానీ, కౌంటర్ మీద కుదురుకున్నవాళ్లని ఎక్కువగా ఇటే పంపుతారు. అక్కడ ట్యాప్ ఉండదు, క్యాన్లు ఉంటాయి. జపాన్ బేస్‌బాల్ స్టేడియాల్లో అమ్మాయిలు చిన్న పీపాని వీపున కట్టుకుని, పైపుతో అక్కడికక్కడే పోసి ఇస్తారు. అంత బరువుతో ఆ మెట్లెక్కడం నా వల్ల అయ్యేది కాదు.

క్యాన్‌ని పోసేటప్పుడు చాలామంది దాన్ని బోర్లా తిప్పేస్తారు. బీరు బయటికి, గాలి లోపలికి ఒకే రంధ్రంలోంచి పోట్లాడుకుంటాయి. గుడగుడమంటూ ఎగిరిపడి నురగ కక్కుతుంది. రంధ్రం పైభాగంలో కాస్త సందు తెరిచి ఉండేంతే వంచండి, గాలి పైనుంచి పోతూ ఉంటుంది, బీరు కిందనుంచి మౌనంగా జారుతుంది. కప్పు మాత్రం ట్యాప్ దగ్గరలాగే వంచి ఉండాలి. ఇది చేతికొచ్చాక రెండు క్యాన్లు ఒకే చేత్తో పట్టుకుని రెండు కప్పుల్లోకి ఒకేసారి పోయొచ్చు, కాకపోతే చేతులు పెద్దవై ఉండాలి. నావి కావు, నేనెప్పుడూ ఒక్కొక్కటే పోశాను.

మెట్లెక్కి కుదుపులు తిన్న క్యాన్ మీద వేలితో టకటక కొడితే పొంగదని అందరూ అంటారు. 2019లో డెన్మార్క్‌లో కొందరు పరిశోధకులు వెయ్యికి పైగా క్యాన్లు కుదిపి, కొన్నింటిని తట్టి, కొన్నింటిని తట్టకుండా తెరిచి తూచి చూశారు. తేడా ఏమీ లేదని తేలింది. కాసేపు కదలకుండా ఉంచడమే మందు. అందుకే ట్రేలో ముందుగా ఎక్కించిన క్యాన్లని ముందు అమ్మండి, అడుగున ఐస్ ఒక్కటే కాకుండా కొన్ని నీళ్లు కూడా ఉంచండి. ఐస్ ముక్కల మధ్య గాలి ఉంటుంది, నీళ్లు క్యాన్‌కి అంతటా తగిలి త్వరగా చల్లబరుస్తాయి.

అమ్మేది కిందనుంచి పైకి వెళ్తూ అమ్మండి. పైనుంచి దిగుతూ అమ్మితే మీకు అందరి వీపులే కనబడతాయి. పైకెక్కుతుంటే ముఖాలు కనబడతాయి, ఎవడి గొంతు ఎండిందో తెలిసిపోతుంది. పైకెళ్లేకొద్దీ ట్రే కూడా తేలికవుతుంది. పోస్తున్నప్పుడు మెట్టు మీద ఒంగి కూర్చోండి, వెనకవాళ్లకి ఆట కనబడాలి. గోల్ పడే క్షణంలో వాళ్ల ముందు నిలబడ్డారా, ఇక ఆ వరసలో మీ దగ్గర ఎవరూ కొనరు.

క్యాన్ ఎప్పుడూ మీరే తెరిచి, కప్పులో పోసి ఇవ్వండి. మూసిన క్యాన్ విసిరితే రాయితో సమానం. మనిషికి రెండు బీర్లే అన్న నియమం ఉంటే దాని మీద కూడా కొత్తవాళ్లు విసుక్కుంటారు, నాలుగిస్తే త్వరగా అయిపోతుంది కదా అని. 4 జూన్ 1974న అమెరికాలో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ స్టేడియంలో పది సెంట్లకే బీరు అని ప్రకటించి పోశారు. తాగిన జనం మైదానంలోకి దూకి ఆటగాళ్ల మీద పడ్డారు, మ్యాచ్‌ని ఆపి అవతలి జట్టు టెక్సాస్ రేంజర్స్‌కి ఇచ్చేశారు. మాట తడబడుతున్నవాడికి నేను బీరు ఇవ్వను, మంచినీళ్లు ఇస్తాను. వాడు అరిస్తే సెక్యూరిటీని పిలుస్తాను, వాదించను. వాదనకి రెండు నిమిషాలు పోతాయి, ఆ రెండు నిమిషాల్లో నలుగురికి పోయొచ్చు.

మీరు ముందు చేయాల్సింది ఒకటే. తర్వాతి మ్యాచ్‌కి గంట ముందు వెళ్లి, మీ ట్యాప్ నుంచి మూడో కప్పులో థర్మామీటర్ పెట్టి చూడండి. పక్క ట్యాప్‌లోనూ చూడండి. రెండింటికీ తేడా ఉంటే ఆ అమ్మాయి చేతి గురించి మనం అనుకున్నదంతా పక్కన పెట్టేయొచ్చు. అంకెలు ఇక్కడే రాయండి, పైపు ఎంత పొడవుందో కూడా అడిగి చెప్పండి. ప్రెజర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.